నాయిన చీర కప్పుకున్న చలికాలం

మా అమ్మానాయినల ఇల్లు లింగాల దగ్గర, ఊళ్లో కాదు, చేనులోనే. రెండు రేకుల గదులు, ఒక బర్రెకొట్టం, చుట్టూ పల్లి చేను. చలికాలం పొద్దున మంచుకు కొట్టం ముందు నేల వాన పడ్డట్టు తడిసి ఉంటుంది. ఆ ఏడు అమ్మ పేడ గంప నెత్తిన పెట్టుకుని వస్తూ ఆ తడిలో జారింది. పడేటప్పుడు కుడి చేయి నేలకు ఆనించింది. మణికట్టు విరిగింది.

అంత నొప్పిలోనూ ఆమె ముందు బర్రె దగ్గరికి పోయి, ఎడమ చేత్తో వచ్చినన్ని పాలు పిండి, ఆ తర్వాతే నాయినకు చెప్పింది. ఈ సంగతి విని అమ్మను మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

అచ్చంపేట దవాఖానలో డాక్టర్ సిమెంటు కట్టు వేశాడు. "నెలన్నర దాకా తియ్యొద్దు, తడపొద్దు. ఈ చేత్తో ఏ పనీ ముట్టొద్దు. మాట వినకపోతే చెయ్యి వంకరగా అతుక్కుంటది" అని నాయిన ముఖం చూసే చెప్పాడు. నాయిన తలూపాడు. తలూపడంలో మా నాయినను మించినవాడు లేడు.

నేను కల్వకుర్తిలో బట్టలు కుట్టుకుంటూ బతుకుతాను. అమ్మను దవాఖాన నుంచి నేరుగా మా ఇంటికే తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమెకు ఒకటే దిగులు.

"బర్రెను ఎవరు పిండుతరే?"

"నాయిన లేడా?"

అమ్మ నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసింది.

నాయిన పని దొంగ కాదు. దున్నుతాడు, పురుగుమందు కొడతాడు, అడవిపందులు రాకుండా చేనుకు కావలి కాస్తాడు. పొదుగు మాత్రం ముట్టడు, అది ఆడవాళ్ల పని. బర్రె కూడా అలాగే అలవాటు పడింది. అమ్మ కూర్చుంటే తప్ప చేపదు. దూడను వదిలినా, తవుడు పెట్టినా పాలు కిందికి దించకుండా పైకి ఎగబట్టుకుని నిలబడుతుంది.

మా వైపు దీనికి ఒక ఉపాయం ఉంది. పాలు పిండే ఆడమనిషి ఊరికి పోతే, ఆమె విడిచిన చీర కప్పుకుని ఇంకొకరు కూర్చుంటారు. ఉతికిన చీర పనికిరాదు. చెమట వాసన, పేడ వాసన దాని మీద ఉండాలి. నాయిన మొదట్లో బింకంగానే ఉన్నాడు. పొదుగు రాయిలా గట్టిపడి, బర్రె మేత మానేసేసరికి బింకం దిగింది. దండెం మీద అమ్మ విడిచిన చీర తీసి నెత్తి మీదుగా కప్పుకుని కూర్చున్నాడు. బర్రె చేపింది.

వెంటనే ఫోన్ చేశాడు. "ఇదేం పెద్ద పనే? నీ చీర కప్పుకున్న, చెంబు నిండింది" అన్నాడు. అమ్మ పకపకా నవ్వింది. ఫోన్ పెట్టేశాక మెల్లగా నవ్వు ఆగిపోయింది.

"గట్లయితే దానికి నేనెవరో తెల్వదు బిడ్డా. నా చీర తెల్సు, గంతే" అంది.

నాకు జాలి వేసింది. కానీ ఆ మరుసటి రోజు అమ్మ పొద్దెక్కేదాకా పడుకుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె అలా పడుకోగా నేను చూడలేదు. ఆ తర్వాత రోజూ మిద్దె మీద ఎండలో కూర్చుని, ఎడమ చేత్తో అనపకాయలు వలుస్తూ, నేను చేసిన జొన్న రొట్టెలకు వంకలు పెట్టేది. "గిది రొట్టెనా, డప్పా?" అని వాటిని వేలితో కొట్టి చూపించేది. ముఖం తేటపడింది. కట్టులోంచి బయటికి వచ్చిన వేళ్లు మెల్లగా ఆడించేది. చెయ్యి దక్కిందనే అనుకున్నాను.

ఇంతలో చేను పక్క నుంచి పోతున్న ఎవడో, చీర కప్పుకుని పాలు పిండుతున్న నాయినను ఫోన్‌లో వీడియో తీశాడు. చాయ్ తాగే వేళకు అది ఊరందరి ఫోన్లలో ఉంది. నాయిన హోటల్ దగ్గరికి పోతే, "ఏం వదినె, ఇయ్యాల పాలు మంచిగిచ్చిందా?" అని ఒకడు, "జర వదినెకు చాయ్ పొయ్యండ్రి, చలి పెడుతున్నట్టుంది" అని ఇంకొకడు. ఆ నవ్విన మగవాళ్లలో అవసరం పడినప్పుడు పెళ్లాం చీర కప్పుకోనివాడు ఎవడో నాకు చూపించండి. వాళ్లను ఎవరూ వీడియో తీయలేదు, అంతే తేడా.

మర్నాడు మొదటి బస్సుకే నాయిన మా ఇంట్లో దిగాడు. మంకీ టోపీ కూడా తీయలేదు. మంచినీళ్లిస్తే ముట్టలేదు.

"నడువు ఇంటికి" అన్నాడు అమ్మతో.

"డాక్టర్ ఏం చెప్పిండో మర్శినవా నాయినా? కట్టు ఏసి సగం దినాలు గూడ కాలే" అన్నాను.

"పనంత నేనే జేస్త. ఆమె ఊకె బర్రె ముంగట కూసుంటే చాలు."

"మరి పిండేదెవరు?"

నాయిన మంకీ టోపీ చెవుల మీదికి ఇంకా కిందికి లాక్కున్నాడు.

"ఇంకొన్ని దినాలు చీర కప్పుకో. నవ్వితే నవ్వనియ్యి. అమ్మ చెయ్యి పెద్దదా, వాళ్ల నవ్వు పెద్దదా?"

"నీకేం తెల్సు? పదిమందిల తల ఎత్తనిస్తలేరు. పరేషాన్ జేస్తున్నరు."

అంటూనే నాయిన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ ఏడుపు నీళ్లు కావు. నా కడుపు మండింది కూడా అందుకే. అమ్మ చెయ్యి విరిగిన రోజు ఆ కళ్లలో చుక్క నీరు రాలేదు. నేను ఇంకా ఏదో అనబోయేసరికే, వెనక అమ్మ ఎడమ చేత్తో సంచిలో బట్టలు కుక్కుకుంటోంది.

పల్లి పీకే రోజుల్లో నేను అక్కడికి పోయాను. కొట్టం వెనక పెంటకుప్ప మీద అమ్మ సిమెంటు కట్టు పడి ఉంది. పాలతో, కుడితి నీళ్లతో తడిసి మెత్తబడితే, లోపల దురదకు ఓర్చుకోలేక ఆమే కొడవలితో కోసి పారేసిందట. రెండు చేతులతో పాలు పిండుతూ కనిపించింది. కుడి మణికట్టు పక్కకు తిరిగి ఉంది. బతిమాలి అచ్చంపేట తీసుకుపోతే డాక్టర్ చెయ్యి అటూ ఇటూ తిప్పి, "అతుక్కుంది, వంకరగా. మళ్లీ విరిచి సరిచెయ్యాలె" అన్నాడు.

"ఒద్దు సారూ" అంది అమ్మ, గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని.

ఇప్పుడు ఆ చేత్తో ఆమె రొట్టె తట్టలేదు. తల దువ్వుకోలేదు. నాయిన మారలేదని అనను. పేడ గంప ఇప్పుడు ఆయనే ఎత్తుతాడు. కాకపోతే ముందుగా కొట్టానికి దారి వైపు తడిక కట్టించాడు, పోయేవాళ్లకు ఏమీ కనబడకుండా.

ఈ చలికాలం మా మేనత్త వచ్చింది. అమ్మ ఎడమ చేత్తో చాయ్ ఇస్తుంటే, "చెయ్యికేమైంది?" అని అడిగింది.

"బర్రె తన్నింది" అన్నాడు నాయిన, కన్నార్పకుండా.

ఆ బర్రె పుట్టి ఇంతవరకు ఎవరినీ తన్నలేదు. నేను అమ్మ వైపు చూశాను.

"అవు వదినె, తన్నింది" అంది అమ్మ.

పాలు పిండడానికి ఆమె తడిక వెనక్కి పోతే నేనూ వెంట పోయాను. "ఎందుకట్ల అబద్ధం చెప్తవు?" అని నిలదీశాను.

"ఊకో బిడ్డా" అంది గొంతు తగ్గించి. "చెయ్యి వంకరైనా నేను బతుకుత. మంది నవ్వితే మీ నాయిన బతకడు."

నాకు నాయిన మీది కోపమంతా తిరిగి ఆమె మీదికే వచ్చింది. ఇంతలో మేనత్త కొట్టంలోకి వచ్చి, తిండి పెట్టిన చెయ్యినే తన్నిందని బర్రెను నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టింది. అమ్మ కూడా ఆమెతో కలిసి తిట్టింది.