చాటెడు తవుడు, ఒక పాస్‌పోర్టు

మీ తండ్రి ఎవరని సర్కారు అడిగితే మీరు ఏ కాగితం చూపిస్తారు? ఆ కాగితంలో ఉన్న పేరు, మీ ఇంట్లో అందరూ ఎరిగిన పేరు ఒకటేనని ఎన్నడైనా సరిచూసుకున్నారా?

1946 వానాకాలం, సర్కారీ ఫసలీ పంచాంగం లెక్కన 1355, షహరేవార్ నెల. హనుమకొండలోని ఒక సర్కారీ కచేరీలో నేను గుమాస్తాను. బి.ఏ. ముగించి ఏడాది కాలేదు. విదేశాలకు చదువుకోబోయేవారి దర్ఖాస్తులు విచారించడం నా పని. కొన్ని దేశాలకు వీసా అనే ప్రవేశానుమతి వేరుగా తీసుకోవాలి. ఇంగ్లండు వెళ్లే మా విద్యార్థులకు ఆ పని పాస్‌పోర్టులోనే జరిగేది. ఏ దేశానికన్నది అందులోనే రాసి ముద్ర వేసేవారు. అది చేతికి రావాలంటే ముందు జిల్లాలో తహకీకాత్ జరగాలి. దర్ఖాస్తుదారు ఎవరు, ఎవరి సంతానం, ఎక్కడివాడు అని నిగ్గుతేల్చే విచారణే తహకీకాత్.

ఆ నెల దర్ఖాస్తు పెట్టుకున్న పెంటయ్య మట్టెవాడ నూలు వర్తకుడు వీరయ్యగారి అబ్బాయి. ఉన్నికి రంగులద్దే రసాయనశాస్త్రం చదవడానికి ఇంగ్లండులో సీటు దొరికింది. యుద్ధం ముగిసినా ఓడల్లో చోటు దుర్లభంగా ఉన్న కాలమది. బొంబాయిలో ఒక బెర్తు, అంటే ఓడలో పడక, అతని పేరిట నిలిపి ఉంచారు. నెలరోజుల్లో పాస్‌పోర్టు చూపకపోతే ఆ చోటు మరొకరికి పోతుంది. సీటును మరుసటి ఏటికి ఉంచబోమని ఆ కళాశాల ముందే రాసింది.

దర్ఖాస్తులో తండ్రి పేరు వీరయ్య. బడి సర్టిఫికెట్‌లో మాత్రం ఇలా ఉంది: పెంటయ్య, తండ్రి సాయిలు, వృత్తి కూలి, గ్రామం రఘునాథపల్లి.

కాలేజీ డిబేటింగ్ సొసైటీలో ప్రత్యర్థి మాటల్లోని అతుకులు పట్టుకోవడంలో నాకు పేరుండేది. ఆ నేర్పునంతా వీరయ్యగారిపై ప్రయోగించాను. పంతులు రాతలో పొరపాటు పడ్డాడని ఆయన అన్నారు. తండ్రి పేరు పొరపాటైతే వృత్తి కూడా పొరపాటేనా, ఊరు కూడానా అని వరుసగా అడిగాను. చివరి ప్రశ్నకు ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు. పెంటయ్యను అడిగితే తన నోటితో చెప్పరాదని, అమ్మను అడగమని ప్రాధేయపడ్డాడు. మట్టెవాడ వెళ్లి తల్లి రాజమ్మగారిని అడిగాను. ఆమె తలుపు చాటున నిలబడి, ఏ తడబాటూ లేకుండా ఒక్కమాట చెప్పింది.

"వాడు రఘునాథపల్లి కొమురమ్మ కొడుకు సారూ. గట్లనే రాసుకో."

ఇక నాకు సందేహమేముంటుంది? ఆమె సర్టిఫికెట్‌లోని పిల్లవాడి గురించి చెబుతోందనుకుని, ఒక కూలివాని కొడుకు సర్టిఫికెట్‌ను సంపన్నుడు తన బిడ్డకోసం వాడుకుంటున్నాడని తీర్మానించుకున్నాను. పేదవాని పక్షాన నిలబడుతున్నానన్న గర్వం కూడా కలిగింది. మిసిల్‌లో, అంటే దస్త్రంలో, 'శంకాస్పదం' అన్న మాట రాయడానికి సిద్ధపడ్డాను. ఆ మాట పడ్డ మిసిల్ మళ్లీ కదలడానికి ఎన్ని నెలలు పట్టేదో కచేరీలో అందరికీ తెలుసు.

మా పేష్కారు, గుమాస్తాలందరికీ పెద్ద, నా రాతను ఆపారు. "జర ఆగు వకీలు సాబ్," అన్నారు. వకీలు అన్నది ఆయన నాకు పెట్టిన ఎకసెక్కపు పేరు. "సాయిలు కొడుకు సర్టిఫికెట్ పోయిందంటున్నవ్. మరి సాయిలు వచ్చి లొల్లి చేసిండా? పోయి చూసిరా."

కాజీపేటలో బండెక్కి రఘునాథపల్లిలో దిగాను. సాయిలు చనిపోయి నాలుగేళ్లయింది. అతని భార్య కొమురమ్మ జొన్నచేలో కలుపు తీస్తోంది. వచ్చిన పని చెప్పి, పెంటయ్య ఆమె కొడుకు అవునో కాదో ప్రమాణం చేసి చెప్పాలన్నాను. ఆమె కొడవలి గట్టున పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"నా కొడుకు గాదని నా నోట అనిపియ్యనీకి వచ్చినవా?"

తర్వాత ఆమె చెప్పినదాన్ని క్లుప్తంగా రాస్తాను. రాజమ్మగారికి వరుసగా ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారు. నాలుగోవాడు పుట్టినప్పుడు కొమురమ్మ, సాయిలు ఆ ఇంటి నూలు గోదాములో కూలికి ఉండేవారు. మృత్యువు కన్ను పడకుండా బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. కొమురమ్మ చాటెడు తవుడు పోసి వాణ్ణి కొనుక్కుంది, తిరిగి పెంచమని ఆ తల్లికే ఇచ్చింది. పెళ్లినాడు మళ్లీ తవుడు పోసి, చీర పెట్టి తల్లి తన బిడ్డను తాను కొనుక్కోవాలి. అంతవరకూ వాడు కొమురమ్మ కొడుకే. బడిలో వేసే రోజున కూడా రాజమ్మగారు భర్తను పోనివ్వలేదు. సాయిలే పిల్లవాడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి తన పేరు చెప్పి రాయించాడు.

ఈ ఆచారం నేను ఎరగనిది కాదు. పెంటయ్య అన్న పేరే దాన్ని చాటుతోంది. అది పురుటింటి గడప దాటి బడి రిజిస్టరులోకి నడిచివస్తుందని మాత్రం నాకు తోచలేదు. అయినా ఊరుకోలేదు. ఇది మూఢనమ్మకమని, తవుడుకూ ఆయుష్షుకూ సంబంధం లేదని గట్టున నిలబడి వాదించాను. ఇదే విషయం మీద కాలేజీలో నేను కప్పు గెలిచాను. ఆమె నా ఉపన్యాసం పూర్తిగా వింది.

"ముగ్గురిని మట్టిల వెట్టినంక మిగిలినోడు. గిప్పుడు సముద్రం దాటి పోతాండు. గీ యాల్ల వాడు నా కొడుకు గాదని నేనంటే, ఆ తల్లి పాణం నిలుస్తదా? నీకు కాయితం గావాలె బిడ్డా. మాకు పిలగాడు గావాలె."

అటు పాస్‌పోర్టు రాకపోతే అతని చదువు పోతుంది. ఇటు ఆమె ఆ మాట అంటే ఆ ఇంటి ధైర్యం పోతుంది. ఏం చేయాలో తోచక నిలబడితే, ఆమే అడిగింది.

"ఎంత సదివినవ్ కొడుకా?"

బి.ఏ. అన్నాను.

"గంత సదివిచ్చినోళ్లు అడుగుడు నేర్పలేదా? ఇంకో తీరుగ అడుగరాదు?"

కలుపు కుప్ప పక్కన కూర్చుని దర్ఖాస్తు ఫారం మళ్లీ చదివాను. సర్కారు నిజంగా తెలుసుకోగోరుతున్నది ఏమిటి? ఈ మనిషి ఎక్కడ, ఎవరికి జన్మించాడన్నదే. కొమురమ్మ ఎవరిని కొడుకుగా తలుస్తున్నదో ఆ ఫారం ఎక్కడా అడగడం లేదు. ఆమెను అలా అడిగింది నేనే. మళ్లీ అడిగాను: పెంటయ్య ఏ ఇంట్లో పుట్టాడు? ఏ తల్లి కన్నది?

"మట్టెవాడల, వీరయ్య సేటు ఇంట్ల, ఎనుక అర్రల. రాజమ్మ కన్నది. బొడ్డు కోసింది నేనే," అని ఆమె తడుముకోకుండా చెప్పింది. "ఇగ రాసుకో."

రాసుకున్నాను. పుట్టుక, చాట, తవుడు, బడిలో సాయిలు చెప్పిన పేరు, అన్నీ రాసి చదివి వినిపించాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాదన్న మాటా లేదు. ఆమె బొటనవేలి ముద్ర వేసింది. మరునాడు పేష్కారు దాన్ని రెండుసార్లు చదివారు.

"ఇరవై ఏండ్ల నౌకరీల మిసిల్ల తవుడు చూసుడు గిదే మొదలు వకీలు సాబ్," అని సిఫారసుకు పంపారు.

గడువుకు అయిదు రోజుల ముందు పాస్‌పోర్టు వచ్చింది, తండ్రి వీరయ్య అన్న పేరుతో. కాజీపేట స్టేషనుకు నేనూ వెళ్లాను. బండి కదలబోయే ముందు పెంటయ్య వంగి తల్లి పాదాలు తాకబోయాడు. రాజమ్మగారు వెనక్కి జరిగి, పక్కనున్న కొమురమ్మను ముందుకు తెచ్చారు.

"నీ కొడుకును దీవించు కొమురమ్మా," అన్నారు.

మూడేళ్లు గడిచాయి. పెంటయ్య నుంచి ఉత్తరాలు రెండిళ్లకూ వస్తాయని విన్నాను. ఆ ఆచారాన్ని నేను ఇప్పటికీ నమ్మను. అయితే సాక్షి మౌనం అపరాధానికి గుర్తు అన్న నా పాత సూత్రాన్ని అంతకంటే తక్కువగా నమ్ముతాను. ఆనాడు ఆ ఇంట్లో ముగ్గురూ అసలు సంగతి చెప్పకపోవడానికి కారణం ఒక్కటే, బిడ్డ బతకాలన్న కోరిక. నా తప్పు ప్రశ్న దాన్ని నేరంగా మార్చబోయింది.

కనుక చదువరులను ఒకటి కోరుతున్నాను. ఈ వారంలోనే మీ పిల్లల బడికి వెళ్లి, రిజిస్టరులో వారి పేరు పక్కన ఏముందో చదివించుకోండి. అక్కడ మరో సాయిలు పేరు కనిపిస్తే అసలు సంగతి రాయించండి, బొడ్డు కోసిన చేతులు ఇంకా సాక్ష్యం చెప్పగలిగి ఉండగానే. ఆ పాత పేరును మాత్రం కొట్టేయించకండి. అతడెవరో, ఆనాడు ఆ పేరు ఎందుకు ఇచ్చాడో, దాని పక్కనే రాయించండి.