అత్తమ్మ మిగిల్చిన కొవ్వొత్తులు

మా అత్తమ్మ పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. ఊపిరితిత్తులు ఏళ్ల తరబడి పాడవుతూ వచ్చాయని చివర్లో డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నా బుర్ర పనిచేయడం లేదు. ఎందుకంటే ఆ సంగతి మాకు తెలిసి ఉండాల్సిన రోజు ఒకటి ఉంది.

శాలిబండలో మాది కారం, పసుపు పట్టే గిర్నీ. నేను కాపురానికి రాకముందు నుంచీ ఆమె అందులోనే కూర్చునేది. ఇంట్లోకి వచ్చేముందు గడప బయట కొంగు రెండుసార్లు దులిపేది. దగ్గు వస్తే, "గొంతుల కారం పోయింది, గంతే" అనేది. మేమూ అంతే అనుకున్నాం.

మా పాపకు ఆస్తమా. రెండేళ్ల కిందట, ఆరేళ్లప్పుడు, ఊపిరి పరీక్షకు తీసుకెళ్లాను. సూదీ లేదు, రక్తమూ లేదు. గొట్టం నోట్లో పెట్టుకొని గట్టిగా ఊదాలి. పిల్లలకు హుషారు రావాలని కంప్యూటర్ తెర మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఊదేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతాయి. మా పాప ఊదితే ఒక్కటీ ఆరలేదు. నెల తర్వాత వెళ్లినా అదే తంతు. ఇట్లా ఊదితే మందు పెంచాలో తగ్గించాలో ఎలా తేలుతుందని పరీక్ష చేసే అమ్మాయి తల పట్టుకుంది.

మూడోసారి అత్తమ్మ వెంట వచ్చింది. పాపను దగ్గరికి తీసుకొని మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది. మా ఇంట్లో దీపాన్ని నోటితో ఊదితే అత్తమ్మ ఊరుకోదు, పువ్వుతోనే కొండెక్కించాలి. పాప తెర మీది దీపాలకు కూడా అదే నియమం పాటించింది.

"ముందుగాల నేను ఊదుత బిడ్డా. పాపమొస్తే నాకే రానీ," అంది అత్తమ్మ.

కొత్త గొట్టం పెట్టించుకొని ఊదింది. రెండే ఆరాయి. దగ్గుతూనే పాప వైపు తిరిగి, "తక్కినయి నీకే ఉంచిన," అంది.

పాప గుండెల నిండా ఊపిరి పీల్చి, గట్టిగా ఊది అన్నీ ఆర్పేసింది. సరైన లెక్క వచ్చింది, సరైన మందు కుదిరింది. ఇప్పుడు మెట్లు పరుగెత్తి ఎక్కుతుంది. అది అత్తమ్మ చలవే. పెద్దామెను కూడా ఓసారి డాక్టరుకు చూపించమని పరీక్ష చేసే అమ్మాయి నాతో అంది. ముసలి ఊపిరికి పరీక్ష ఎందుకని అత్తమ్మ కొట్టిపారేసింది. నేను పాపను ఎత్తుకొని సంబరంలో ఉన్నాను. మళ్లీ ఆ మాటే ఎత్తలేదు.

నిజంగా ఉంచిందా, ఊదలేకపోయిందా? తెలిసే దాచిందా? ఆమెకు మొక్కాలో, ఆమె మీద కోప్పడాలో, నన్ను నేను తిట్టుకోవాలో తెలియడం లేదు. రోజుకో రకంగా అనిపిస్తోంది.

నిన్న పొద్దున ఫోటో ముందు దీపం పెట్టాను. పాప వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, నేను గూడ నానమ్మకు రెండు ఉంచేదుండె."

నేను వత్తి కాస్త ఎగదోశాను. ఇంతలో పాపకు దగ్గు వచ్చింది. దీపానికి గాలి తగలకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, మొహం అటు తిప్పుకొని దగ్గింది.