సుగుణ మేడమ్ రేపల్లె వచ్చిన ఆదివారం

తెనాలి స్టేషన్ బయట జ్యూస్ బండి దగ్గర పచ్చి క్యారెట్ వాసన తగిలితే ఇప్పటికీ అక్కడ నిలబడలేను. గబగబా రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాను. ఆ వాసనకి ముందు గుర్తొచ్చేది చనిపోయిన మా అక్క కాదు, సుగుణ మేడమ్. అందుకు నా మీద నాకే అసహ్యం.

తొంభైల చివర్లో బాపట్లలో ఒక చిన్న పరిశోధనశాలలో ఆవిడకి సహాయకురాలిగా చేరాను. లూథరన్ కుటుంబం, నేత చీర, చర్చికి వెళ్లే ఆదివారం తప్ప సెలవన్నది ఎరగని మనిషి. కూరగాయల రసాన్ని కాచకుండానే అందులోని క్రిములను ఒత్తిడితో చంపడం ఆవిడ పని. రసాన్ని ప్లాస్టిక్ పొట్లంలో పోసి, గాలి లేకుండా అతికించి, నీళ్లు నింపిన ఉక్కు గొట్టంలో పెట్టి బిగించేవాళ్లం. సముద్రం అడుగున ఉండేదానికన్నా కొన్ని రెట్ల ఒత్తిడి. అన్ని వైపులా సమంగా నొక్కడం వల్ల పొట్లం చిట్లేది కాదు, క్రిములు మాత్రం చచ్చేవి. మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను.

"అన్నీ చచ్చాయనుకోకు," అన్నారు మేడమ్. "మట్టిలోంచి వచ్చిన దుంప కదా. కొన్ని క్రిములు గట్టి పెంకులో ముడుచుకుని నిద్రపోతుంటాయి. వాటిని ఒత్తిడి ఏం చెయ్యలేదమ్మా. గాలి లేనిచోట వెచ్చగా, పులుపు లేకుండా ఉంటే లేచి విషం చేస్తాయి. అందుకే నిమ్మరసం, అందుకే ఫ్రిజ్. రెండూ ఉండాల్సిందే."

ఆ వేసవిలో రేపల్లెలో అక్క ఆడపిల్లని కంది. రక్తం తక్కువై పాలిపోయింది. క్యారెట్ రసం తెస్తానంటే అమ్మ, "బాలింతకి పులుపేంటే? నిమ్మకాయ లేకుండా తే," అంది. అంత విని కూడా నేను అమ్మ మాటే పట్టుకుని, నిమ్మరసం లేకుండా నాలుగు పొట్లాలు చేశాను. ఆ సంగతి మేడమ్‌కి చెప్పలేదు. ఆవిడే వాటిని ఐసు ముక్కల మధ్య సర్దుతూ, "ఇంట్లో ఫ్రిజ్ ఉందా?" అని అడిగారు.

"ఉందండి," అనేశాను. లేదనడానికి సిగ్గేసింది.

అమ్మ వాటిని నీళ్లకుండ పక్కన తడి ఇసుకలో పెట్టింది. మూడో పొట్లం తాగిన మర్నాడు అక్క కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది, గుక్కెడు నీళ్లు దిగలేదు. గుంటూరు తీసుకెళ్లాం. మూడు రోజులకి పోయింది.

మిగిలిన పొట్లం తెమ్మని మేడమే అడిగారు. పరీక్షలన్నీ అయ్యాక నన్ను కూర్చోబెట్టి, "ఇందులో విషం ఉందమ్మా. పులుపు లేదు," అన్నారు. ఏడుస్తూ అన్నీ చెప్పాను. అంతా విని ఆవిడ అన్నారు, "నేను పంపించకుండా ఉండాల్సింది. తప్పు నాది. ఇంట్లో చెప్పావా?"

"చెప్పానండి," అన్నాను. చెప్పలేదు.

ఆ ఆదివారం ఆవిడ చర్చి మానుకుని, తెనాలిలో రైలు మారి రేపల్లె వచ్చారు. అమ్మ ఒళ్లో పసిపిల్ల ఉంది. మేడమ్ నేలమీద కూర్చుని అమ్మ చేతులు పట్టుకున్నారు.

"నన్ను క్షమించండమ్మా. నా వల్ల..." ఏడ్చేశారు.

పరామర్శకి వచ్చి బాధపడుతోందనుకుంది అమ్మ. కొంగుతో ఆవిడ కళ్లు తుడిచింది. "మీరేం చేస్తారండి, దాని రాత అంతే. ఇంత దూరం వచ్చారు, అదే పదివేలు," అంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు విప్పితే చాలు. విప్పలేదు.

"అన్నీ తెలిసి కూడా మీ అమ్మ ఒక్క మాట అనలేదు," అన్నారు మేడమ్ స్టేషన్‌కి వెళ్తుంటే. ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఆ యంత్రం ముట్టుకోలేదు. అమ్మ తనని మన్నించిందన్న నమ్మకంతోనే కొన్నేళ్లకి కన్నుమూశారు. అమ్మ దేవుణ్ణి తిట్టుకుంటూ పోయింది. నిజం ఎలా చెప్పాలో మేడమ్‌ని దగ్గరుండి చూశాను, కానీ నాకు అబ్బలేదు.

అక్క కూతురు నా దగ్గరే పెరిగింది. నన్నే అమ్మా అని పిలుస్తుంది. తన కన్నతల్లి ఎలా పోయిందని అప్పుడప్పుడు అడుగుతుంది.

"జబ్బు చేసిందమ్మా," అంటాను.