మొద్దుబారిన పెదవి

వీధిలో అందరూ ఆమెను టైలరక్క అంటారు. పెళ్లిబట్టలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. అనుమానంలోనూ అంతే. కొట్టువాడు కొలిచిచ్చిన గుడ్డని వాడి ఎదుటే మళ్లీ కొలుస్తుంది.

ఒకరోజు తెల్లటి పెళ్లిగౌను మీద ఎర్రటి చుక్క కనిపించింది. వేళ్లు చూసుకుంటే ఎక్కడా గాటు లేదు. అద్దంలో చూసుకుని అదిరిపడింది. కుట్టేటప్పుడు పెదవుల మధ్య పట్టుకునే గుండుసూదుల్లో ఒకటి కింది పెదవిలో దిగబడి ఉంది. నొప్పే తెలియలేదు! గిల్లి చూసుకుంది. ఎడమవైపు పెదవి, గడ్డం ఇంకెవరివో అన్నట్టున్నాయి.

"ఆ పళ్ల డాక్టరే!" అంది భర్తతో. "పోయిన నెల మత్తుసూది పొడిచాడుగా, నరం తెంపేసుంటాడు."

"సూది వేసింది కుడివైపు కదే?"

"నరాలు లోపల్లోపల ఎటు పోతాయో నీకేం తెలుసు?"

కొంగు బిగించి, భర్తని వెంటేసుకుని పోట్లాటకి వెళ్లింది. డాక్టరు దూదితో గడ్డం తడిమి, "ఇదివరకు పెద్ద జబ్బులేమైనా వచ్చాయా?" అని అడిగాడు.

"పన్ను సంగతి మాట్లాడండి."

భర్త ఉండబట్టలేకపోయాడు. "ఆరేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది సార్."

ఆమె గుడ్లురిమింది. డాక్టరు దవడకి ఎక్స్‌రే తీసి, ఎడమవైపు ఎముకలో ఒక మచ్చ చూపించాడు. ఆమెకి ఒళ్లు మండింది. "మీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి నా పాతజబ్బు మీదికి నెడుతున్నారా?"

"అలాగే అనుకోండమ్మా. కావాలంటే నామీద కేసు పెట్టండి. ముందు మాత్రం ఈ ఫిల్మ్ మీ క్యాన్సర్ డాక్టరమ్మకి చూపించండి."

చూపించింది. దవడ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. పాతజబ్బే.

"మామూలుగా వెన్నెముకకో, ఊపిరితిత్తులకో, కాలేయానికో పాకుతుంది," అంది డాక్టరమ్మ. "అరుదుగా దవడ ఎముకలోనూ దిగుతుంది. అక్కడి నరాన్ని నొక్కితే గడ్డం మొద్దుబారుతుంది. కొందరికి కంటి వెనక చేరుతుంది, కొందరికి పొట్ట గోడలో. అజీర్తి అనుకుని తిరుగుతుంటారు."

"ఆరేళ్లూ ఎక్కడ నక్కింది, దొంగముండ?"

"కొన్ని కణాలు ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పడుంటాయి. ఎందుకు లేస్తాయో మాకూ పూర్తిగా తెలియదు."

తెలియదు అన్న ఆ ఒక్క మాటతో టైలరక్కకి ఆమె మీద నమ్మకం కుదిరింది. బయటికొచ్చాక మాత్రం మెట్ల మీద కూలబడి, భర్త చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

దవడకి రేడియేషన్ ఇచ్చారు, రోజూ మాత్రలు వేసుకోమన్నారు. జబ్బు పూర్తిగా పోలేదు గానీ, ప్రస్తుతానికి ఉన్నచోటే ఆగింది. పెదవికి స్పర్శ సగమే తిరిగొచ్చింది. తాగిన నీళ్లు గడ్డం మీదికి జారితే భర్త కళ్లతోనే సైగ చేస్తాడు.

మొన్న మోకాలు నొప్పెట్టింది. "మిషను తొక్కీతొక్కీ అరిగిందే," అన్నాడాయన.

"ఆ మాట ఎక్స్‌రే ఫొటో తీశాక చెప్పు," అంటూ చెప్పులేసుకుంది.

ఫొటో చూసి డాక్టరమ్మ నవ్వింది. నిజంగానే అరుగుదలట. ఆ నవ్వు అసలుదో కాదో అని టైలరక్క కాసేపు ఆమె మొహంలోకే చూస్తూ కూర్చుంది.