అన్సెల్మ్ గారి నాలుక

“తప్పు చెప్తే ఊళ్ళో తలెత్తుకోలేనురా,” అని నా వైపు వంగి గొణిగాడు మా పక్కింటి అన్సెల్మ్, ఎదురుగా ఉన్న రెండు గ్లాసుల్నీ చూస్తూ. ఫ్రాన్స్‌లోని మా ఆర్మన్యాక్ ప్రాంతపు బ్రాందీ కాయడంలోనే ఆయన జుట్టు నెరిసింది. రోజూ భోజనమయ్యాక అరచేతిలో ఓ చుక్క పోసుకుని, చేతులు రుద్ది, వాసన చూసి అదే మాట అంటాడు: “మనం ఒక్కసారే కాస్తాం, మొరటుగా బతికుంటుంది. ఆ కోన్యాక్ ఊరివాళ్ళు రెండుసార్లు కాస్తారు. మర్యాద వస్తుంది, ప్రాణం పోతుంది. నార్మండీ వాళ్ళ ఆపిల్ బ్రాందీ అయితే దగ్గుమందే.” అలాంటివాడి కూతురు కోన్యాక్ కుర్రాణ్ణి చేసుకుంది. ఆ ఆదివారం బాతుకూర తిన్నాక, ఏది ఏదో చెప్పకుండా గ్లాసులు పెట్టింది ఆ అల్లుడే. “మీదేదో చెప్పండి మామయ్యా,” అన్నాడు. అన్సెల్మ్ రెండూ రుచి చూసి, కళ్ళు మూసుకుని, ఎడమ గ్లాసు ఎత్తాడు. “ఇదిరా మన మట్టి!” అన్నాడు. అది అల్లుడి కోన్యాక్ బ్రాందీ. అల్లుడు నవ్వేలోపే, “నా పీపాలోంచి ఎప్పుడు కొట్టేశావయ్యా?” అన్నాడు అన్సెల్మ్. గుమ్మం దగ్గర మాత్రం నా చెవిలో చెప్పాడు: “ముందు సీసా మీది చీటీ చదువు, తర్వాతే కళ్ళు మూసుకో.” ప్రయోగశాలలో చెల్లని పద్ధతి ఇది. అయినా ఇప్పుడు మా పసిదాన్ని పగలు వదిలే క్రెష్‌లో ఏడుపు వినిపిస్తే, ఉయ్యాల మీద పేరు చూసుకున్నాకే, “మా పాపే, గొంతు తెలీదా?” అంటున్నాను.