నెగ్గుకీ నెట్టుకీ మధ్య ఒక కార్డు

ఆఫీసులో ఆమెను అందరూ వాక్యాలావిడ అంటారు. అచ్చాఫీసు మేడమీద, రెండు కిటికీల గదిలో, చదువు ఆలస్యంగా మొదలుపెట్టిన పెద్దవాళ్ల కోసం ఒక పదకోశం తయారవుతోంది. మాటకు అర్థం రాసేది పెద్దాయన, అంటే సంపాదకుడు. ఆ అర్థం కింద, ఆ మాటను జనం మామూలుగా ఎలా వాడతారో చూపించే వాక్యం ఈమెది. పద్నాలుగేళ్లుగా అదే పని.

పనికి ఒక నియమం ఉంది. వాక్యం కల్పించకూడదు. ఎవరో ఒకరు తమ అవసరం కొద్దీ నోటితో అన్నదై ఉండాలి. పేపరూ టీవీ లెక్కలోకి రావు. అడిగి అనిపించుకోవడం అసలే కుదరదు. కార్డుకు ముందువైపు వాక్యం, వెనకవైపు ఎవరన్నారు, ఎక్కడన్నారు అన్నది పెన్సిలుతో. ‘నమ్మకం’ ఆమెకు బస్సులో దొరికింది. ‘నసుగు’ పక్కింటావిడ మొగుణ్ని కడిగేస్తున్నప్పుడు గోడ ఇవతల దొరికింది. సంచిలో ఎప్పుడూ పది ఖాళీ కార్డులుంటాయి. ఆస్పత్రి వరసలో నిలబడి కూడా రాసుకుంటుంది.

ఈసారి ‘నెగ్గు’కీ ‘నెట్టు’కీ మధ్య ఒక కొత్త మాట వచ్చి కూర్చుంది. నెటిజన్. అర్థం పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: ఇంటర్నెట్ వాడే మనిషి. వాక్యం మాత్రం పదిహేను రోజులు తిరిగినా దొరకలేదు. “నెట్‌లో జనం ఏమంటున్నారంటే” అన్నాడు కండక్టరు. “ఫోన్లో కూర్చున్నోళ్లకి వేరే పనేముంది” అంది కుట్టుపని ఆమె. ఆ మాటను తప్పించి అందరూ అన్నీ అన్నారు. టీవీలో మాత్రం గంటకు ఆరుసార్లు వినిపించేది. నెటిజన్లు మండిపడ్డారు, నెటిజన్లు ఏకిపారేశారు. పొద్దున లేస్తే తిట్టడం తప్ప వీళ్లకు ఇంకేమీ రాదు కాబోలు అనుకుందామె.

‘న’ అక్షరం శుక్రవారం మధ్యాహ్నం కిందికి, అచ్చుకు దిగాలి. వాక్యం లేని మాటను పెద్దాయన తీసేస్తాడు. ఆమె చేతికి వచ్చిన మాట ఇంతవరకు ఒక్కటీ అలా పోలేదు. బుధవారం సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, ఆమె ఒక కార్డు తీసి రాసింది: ‘ఆ వీడియో చూసి నెటిజన్లు ఆగ్రహం వ్యక్తం చేశారు.’ వెనక్కి తిప్పి కాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చుంది. తర్వాత ‘కూరగాయలాయన, దుకాణంలో’ అని రాసింది. కట్టలో దూర్చి, రబ్బరుబ్యాండు వేసి, పెద్దాయన బల్ల మీద పెట్టి వచ్చేసింది.

పెద్దాయన కార్డులను పెదాలు కదుపుతూ చదువుతాడు. గురువారం పొద్దున ఆమె తన పని చేసుకుంటున్నట్టే ఉండి ఆ పెదాలనే చూసింది. ఆ కార్డు వచ్చింది. చదివాడు. తిప్పి వెనక చూశాడు.

“మీరు రోజూ కొనే కూరగాయలాయనేనామ్మా?”

“అవునండీ.”

“మంచిది” అని తర్వాతి కార్డు తీశాడు.

నాలుగు చీవాట్లు పెట్టినా ఇంతకంటే నయంగా ఉండేది. పద్నాలుగేళ్ల కిందట, ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న ఆమెను పిలిచి ఈ బల్ల ఇచ్చింది ఆయనే. “మీ చెవి మంచిదమ్మా” అన్నాడు ఆ రోజు. ఆ తర్వాత ఒక్క కార్డుకు కూడా సాక్ష్యం అడగలేదు.

ఇంట్లో ఆ పదిహేను రోజులూ అత్తగారితో మాటల్లేవు. పోట్లాటేమీ కాదు. అత్తగారి చెవి మిషను పలకడం మానేసింది. “పాతబడిందమ్మా, వచ్చే నెల కొత్తది తీసుకుందాం” అని కొడుకు ఆవిడ చెవిలో అరిచి చెప్పాడు. ఆవిడ తలూపి, టీవీ ముందు కూర్చుని, తెర కింద పరిగెత్తే అక్షరాలు చదువుకోవడం మొదలుపెట్టింది. అన్నానికి పిలవాలంటే భుజం తట్టాల్సి వచ్చేది.

గురువారం సాయంత్రం వాక్యాలావిడ చిరాగ్గా చెప్పులు విడిచి గోడకేసి తన్నింది.

“మెల్లిగా అమ్మాయ్. ఆ చప్పుడికి ఉలిక్కిపడ్డాను” అంది అత్తగారు, టీవీ నుంచి తల తిప్పకుండానే.

“మీకు వినిపించిందా అత్తయ్యా?”

“అరవకు. ఇరుగుపొరుగు మనం కొట్టుకుంటున్నామనుకుంటారు.”

“ఎలా బాగైంది?”

“మీ ఆయన్ని అడిగితే కొత్తది కొందామన్నాడు. నెటిజన్లని అడిగితే గొట్టంలో చెమ్మ చేరింది, ఊడదీసి ఆరబెట్టుకో అన్నారు. ఆరబెట్టుకున్నా.”

కోడలు సంచి భుజానికి ఉండగానే ఆగిపోయింది.

అత్తగారు తన ఫోను చూపించింది. చెవి మిషన్లు వాడేవాళ్ల గుంపు ఒకటి. అందులో ఈవిడ తన మిషనుకు ఫొటో తీసి పెట్టింది. ఎవరో ఒకావిడ అదే ఫొటో మీద ఎర్రగా బాణం గుర్తు గీసి, ఇక్కడ లాగండి, కడగండి, రాత్రంతా గాలికి వదిలేయండి, హెయిర్ డ్రయ్యరు మాత్రం పెట్టకండి అని రాసింది.

“ముందు ఒకడు వెక్కిరించాడులే. బామ్మా, చెవిలో కాదు నోట్లో పెట్టుకో, ఇంట్లోవాళ్లు సుఖపడతారు అని. వాడూ నెటిజనే, ఈవిడా నెటిజనే. ఏం చేస్తాం.”

మళ్లీ ఒక్కసారి అనండి అని నోటిదాకా వచ్చింది. అడిగి అనిపించుకోకూడదు. ఆమె కార్డు తీసి, గోడకు ఆనించి, గుర్తున్నది గుర్తున్నట్టు రాసింది.

“ఏంటా రాయడం? నేనేం తప్పన్నాను?”

“ఏం లేదత్తయ్యా. మాట్లాడండి.”

పదిహేను రోజుల సరుకు ఉంది ఆవిడ దగ్గర. కుక్కరు కూతలు లెక్కపెట్టింది. కుళాయి కారుతోందని చెప్పింది. కొడుకు రాగానే అతని చొక్కా గురించి రెండు మాటలంది. వాక్యాలావిడ కూర తరుగుతూ అన్నీ వింది. ఎక్కడో ఒకావిడ, బహుశా పొయ్యి మీద పాలు పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని ముసలావిడ కోసం రెండు నిమిషాలు కూర్చుని ఆ బాణం గీసింది. పాలు పొంగలేదు కదా అని ఎందుకో అనిపించింది ఆమెకు.

శుక్రవారం పొద్దున ఆమె అందరికంటే ముందు వెళ్లింది. పెద్దాయన అప్పటికే కిటికీ తీసి కూర్చున్నాడు.

“ఆ కార్డు నేను కల్పించిందండీ. కూరగాయలాయన అనలేదు.”

పెద్దాయన సొరుగు లాగి అదే కార్డు తీశాడు. అది కట్టలో లేదు.

“తెలుసమ్మా. కూరగాయలాయన ఆగ్రహం వ్యక్తం చెయ్యడు. అరుస్తాడు.”

“మరి అడగలేదేమండీ?”

“అడిగాను కదా. అవునన్నారు.”

ఆమె నేల చూసింది.

“మధ్యాహ్నం దాకా చూద్దామని ఆగాను. లేకపోతే తీసేద్దామనుకున్నా. మాటని. మిమ్మల్ని కాదు.”

ఆమె కొత్త కార్డు బల్ల మీద పెట్టింది. ఆయన పెదాలు కదిలాయి. సగంలో ఒక పక్కకు వంగాయి.

“‘మీ ఆయన్ని అడిగితే’ ఉంచుదామా?”

“ఉంచాలండీ. అది తీసేస్తే మా అత్తయ్య అన్నట్టుండదు.”

వెనక్కి తిప్పాడు. ‘మా అత్తయ్య, ఇంట్లో, టీవీ ముందు.’ పాత కార్డును రెండుగా చించి బుట్టలో వేసి, కొత్తదాన్ని ‘నెగ్గు’ తర్వాత దూర్చాడు.

“థాంక్సండీ” అంది ఆమె.

“నాకెందుకు? మీ అత్తగారికి చెప్పండి.”

చెప్పింది, ఆ సాయంత్రమే. అత్తగారు మిషను సర్దుకుని శ్రద్ధగా వింది.

“అయితే నా పేరు పుస్తకంలో పడుతుందా?”

“అచ్చులో పడదత్తయ్యా. కార్డు వెనకాల ఉంటుంది, పెట్టెలో.”

“నాదొక్కటేనా? ఆ బాణం గీసినావిడ చెప్పబట్టే కదా నేను ఆ మాటన్నాను. ఆవిణ్ని కూడా రాయి.”

“పేరేంటి?”

“నాకేం తెలుసు. తన ఫొటో బదులు పిల్లి బొమ్మ పెట్టుకుంది.”

సోమవారం అచ్చు నుంచి కార్డులు మేడమీదికి తిరిగొచ్చాయి. ఆమె ‘న’ పెట్టెలోంచి ఆ ఒక్కటీ తీసి, పెన్సిలు చెక్కుకుని, అత్తయ్య కింద రాసింది: ‘పిల్లి బొమ్మ ఉన్న ఆవిడ. ఎక్కడో తెలియదు.’