రెండు పట్టికల్లోనూ లేని పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిన మంగళవారం తెల్లవారుజామున చనిపోయింది. నాగర్‌కర్నూలులో ఉన్న నాకు ఆ సంగతి తెచ్చినవాడు మా ఊరి బండివాడు. అతడు ఎద్దులను విప్పకుండానే, "మీ పెద్దమ్మ పోయింది సారు. బిరాన నడువుండ్రి. మన్ను కాడ పంచాది వడ్డది" అన్నాడు. మరణవార్తతోపాటే ఆమెను పాతిపెట్టడంపై దాఖలైన అభ్యంతరాలు కూడా అందడం వల్ల, దుఃఖించడానికి ప్రత్యేకంగా సమయం కేటాయించుకొనే వీలు లేకపోయింది. ఆ లోటును ఇప్పుడు ఈ నాలుగు మాటలతో పూరించుకొంటున్నాను.

పాఠకుల సౌకర్యార్థం పూర్వాపరాలు మనవి చేస్తాను. బిజినేపల్లికి అవతల ఉన్న మా వాడకు మా తాతల కాలంలో ప్రొటెస్టంటు మిషను వచ్చింది. నా చిన్నతనంలో కతోలిక సభ వచ్చింది. వాడ సగం ఇటు, సగం అటు అయింది. దేవుడు ఒక్కడే అన్న విషయంలో ఉభయులకూ భేదాభిప్రాయం లేదు. ఆయన తరఫున మాట్లాడే అధికారం ఎవరికున్నదన్నదే వివాదం. ఆ అధికారం గ్రంథానిదే అన్నారు ప్రొటెస్టంటులు. గ్రంథానికి అర్థం చెప్పే అధికారం సభదే అన్నారు కతోలికులు. చనిపోయినవారు కూడా ఈ వాదం కొనసాగిస్తారన్న భయంతో కాబోలు, సమాధుల తోటలు రెండు ఏర్పాటు చేసుకొన్నారు. మధ్యగోడ ఉమ్మడిగా ఉండడానికి ఎవరూ సమ్మతించనందున గోడలు కూడా రెండు లేచాయి. వాటి నడుమ ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత సందు మిగిలింది. బావికి అదే దగ్గరి దారి.

మా అమ్మ నా మూడో ఏట పోతే నన్ను పెంచినది పెద్దమ్మ. ఆమె ప్రొటెస్టంటుల బైబిలు స్త్రీ. అంటే, ఊరూరా తిరిగి చదువురాని ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపించే ఉద్యోగి. ఒక కాడ విరిగిన కళ్లద్దాలను దారంతో చెవికి కట్టుకొని, అక్షరం కింద వేలు పెట్టి చదివేది. ప్రతి వచనం చివర ఆగి, పుస్తకం వైపు చూసి, "గట్లనా?" అనేది. అది సందేహం కాదు, ధిక్కారం అంతకంటే కాదు. ఎదుటి మనిషి చెబుతున్నది శ్రద్ధగా వింటున్నామని తెలియజేసే మర్యాద. నాకు అక్షరాలు నేర్పినప్పుడు ఆ మర్యాద కూడా నేర్పింది. తర్వాత విశ్వవిద్యాలయంలో నేను నేర్చుకొన్నదంతా దానికి వ్యాఖ్యానమే.

ఊళ్లో గత్తర వచ్చిన ఏడు, అంటే జనం వాంతులతో, విరేచనాలతో గంటల్లో రాలిపోయిన ఏడు, కన్నవారు కూడా శవాల దగ్గరికి పోలేదు. పెద్దమ్మ పోయింది. రాతిపని చేసే వడ్డె నాగన్న బిడ్డను చీరకొంగులో చుట్టి తానే మోసుకుపోయి పాతిపెట్టింది. ఆమె మతం గురించి గానీ, నాగన్న మతం గురించి గానీ ఆ రోజు ఎవరూ విచారణ జరపలేదు.

అనర్థం ఆ తర్వాత మొదలైంది. ఒకరోజు కతోలికుల గుడి బయట నిలబడి ఆమె స్వాములవారి ప్రసంగం విన్నది. రాజాజ్ఞను లెక్కచేయక, దిక్కులేని శవాలను పాతిపెట్టిన ఒక ముసలాయన కథ అది. ఇంటికి వచ్చి తన బైబిలులో మొదటి పుట నుంచి చివరి పుట దాకా వెతికింది. కనిపించలేదు. పాస్టరయ్యను అడిగింది.

"ఆ కథ ఉన్న గ్రంథం కతోలికుల బైబిలులోనే ఉన్నది. మనది కాదమ్మా. దైవప్రేరణ వల్ల వచ్చినది కాదు."

"గది ఎవరు జెప్పిండ్రు అయ్యగారూ?"

"పెద్దలు నిర్ణయించారు."

"పెద్దల మాట గాదు, గ్రంథం మాటే ఇనాలె అని గద మీరు జెప్పేది?"

సంభాషణ అంతటితో ముగిసిందని పాస్టరయ్య ప్రకటించారు. ఆమె స్వాములవారి దగ్గరికి పోయింది.

"ఆ గ్రంథం మాదే. కానీ ఎవరికి వారు చదివి అర్థం చెప్పుకోరాదు. మేము చెబితే వినాలి."

"మీరేమో నెలకొక్కపారి వస్తరు. నడుమ నడుమ మనుషులు సస్తుంటరు గద సామీ?"

ఇంటికి వచ్చి నాతో అన్నది: "సదువుమన్నోళ్లు అడగొద్దంటరు. అడుగుమన్నోళ్లు సదవొద్దంటరు. నాకేమో రెండు అలవాట్లూ ఉన్నయి."

యుద్ధం వల్ల కాగితం దొరకని రోజులు. నేను పనిచేసే కచ్చేరీలో పనికిరాకుండా పోయిన ఉర్దూ దరఖాస్తులు కొన్ని తెచ్చి ఇచ్చాను. కతోలిక ఉపదేశి తన అరవ పుస్తకం చూసి తెలుగులో చెబుతుంటే, ఆమె ఒక వేసవంతా వాటి వెనుకవైపు ఆ గ్రంథం రాసుకొన్నది. రాసి, తన బైబిలు నడుమ దబ్బనంతో కుట్టింది. చెప్పులు కుట్టే ఇంట పుట్టిన మనిషి కాబట్టి కుట్టు గట్టిగా పడింది.

దేవుని వాక్యానికి ఒక్క మాటయినా కలపడం పాపమన్నారు పాస్టరయ్య. ఆమె కట్టలకు కట్టలు కలిపింది. తమ పవిత్ర గ్రంథాన్ని అన్యసభ పుస్తకంలో దబ్బనంతో కుట్టడం అపచారమన్నారు స్వాములవారు. మా వాడ చరిత్రలో ఉభయ పక్షాలూ ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం అదొక్కటే. ప్రొటెస్టంటుల మందిరం వారి సభ్యుల పట్టికలో పెద్దమ్మ పేరు కొట్టివేయబడింది. కతోలికుల గుడి పట్టికలో రాయబడలేదు. పట్టికలో పేరు లేనివారికి సమాధుల తోటలో చోటు లేదు. ఉద్యోగం పోయింది గానీ, ఆమె తిరుగుడు ఆగలేదు. ఆడవాళ్లు ఆమెను పిలవడమూ ఆపలేదు.

నేను చేరేసరికి మధ్యాహ్నమైంది. పెద్దమ్మ వాకిట్లో మంచం మీద ఉన్నది, ఆమె కుట్టిన బైబిలు తలాపున ఉన్నది. పాస్టరయ్య ఒక పక్క, నెలకొక్క రాక ఆనాడే పడిన స్వాములవారు ఒక పక్క నిలబడి ఉన్నారు. వడ్డె నాగన్న గడ్డపార ఆనుకొని, ఎక్కడ తవ్వాలో తెలియక కూర్చున్నాడు.

"రెండు గోడలూ నేనే గట్టిన కొడుకా," అన్నాడు నన్ను చూసి. "ఒక్క గుట్ట రాయే. గిట్లయితదని ఎరుకుంటే గింత ఎత్తు లేపుదునా?"

పాస్టరయ్య దయగల మనిషి. "ఆ దారం తెంపి కాగితాలు తీసెయ్యి నాయనా. ఇప్పుడే పట్టికలో పేరు రాస్తాను" అంటూ బ్లేడు అందించారు. స్వాములవారూ దయగల మనిషే. నేను పుస్తకం అప్పగించి, చివరి గడియలో ఆమె సభకు లోబడినట్లు ఇద్దరు సాక్షుల చేత చెప్పిస్తే చాలునన్నారు. సాక్షులు సిద్ధంగానే ఉన్నారు. ఆమె ప్రాణం పోయే వేళకు ఇద్దరూ చేనులో కావలి ఉన్నారన్నది ఒక్కటే ఆటంకం.

నేను బ్లేడు తీసుకొన్నాను. ఈ విషయం దాచడం నాకు సాధ్యం కాదు. ఎండ ముదురుతున్నది, శవం ఆగదు. నన్ను పెంచిన మనిషికి మన్ను కావాలి. ఒక కుట్టు తెంపాను. ఆఖరి కాగితం విడివడింది. ఒకవైపు ఎవరో రైతు శిస్తు మాఫీ కోరుతూ పెట్టుకొన్న అర్జీ. రెండోవైపు చివరి వచనం. దాని కింద, ఉపదేశి చెప్పనిదీ ఏ భాషలోని గ్రంథంలోనూ లేనిదీ అయిన ఒక మాట ఆమె దస్తూరీలో ఉన్నది: "గట్లనే."

బ్లేడు పాస్టరయ్యకు తిరిగి ఇచ్చాను. సాక్షులను చేనుకు పొమ్మన్నాను.

"అయితే ఎక్కడ పెడతావు?" అన్నారు ఇద్దరూ దాదాపు ఒకేసారి.

నాగన్న లేచాడు. "సందు ఉన్నది గద. గది ఎవరిది?"

ఆ సందు తమది కాదని ఉభయులూ లోగడ పెద్దమనుషుల ముందు ఒప్పుకొని ఉన్నారు.

నాగన్న తవ్వాడు. అతడూ నేనూ మరో ఇద్దరూ దించాం. ఏ సభా అధికారం ఇవ్వకపోయినా, ఆమె కుట్టుకొన్న కాగితాల నుంచి నేను చదివాను. "గట్టిగ సదువు కొడుకా, అక్కకు ఇనవడాలె" అన్నది నాగన్న పెండ్లాం. గట్టిగా చదివాను. ఆ పుస్తకం ప్రస్తుతం నా వద్ద ఉన్నది. కోరినవారికి ఇవ్వబడదు.

నేను తిరిగి వచ్చే రోజు పొద్దున ఆ సందు మొదట్లో కాసేపు నిలబడ్డాను. మట్టి కుప్పకు అటూ ఇటూ జానెడు చోటు మిగిలింది. నీళ్లకు పోయే ఆడవాళ్లు, గుడివారూ మందిరంవారూ, అక్కడికి రాగానే మాటలు ఆపి, పక్కకు తిరిగి, కడవను పట్టుకొని, వీపు గోడకు ఆనించి ఒక్కొక్కరే దాటుతున్నారు. అవతల మళ్లీ మాటలు కలుపుకొని నడుస్తున్నారు. అందరి వీపులకూ తెల్లగా సున్నం అంటింది. అది ఏ గోడ సున్నమో చూసి పోల్చుకోవడం నాకు చేతకాలేదు.